తెలుగు పేరిటి సొమ్ము తెలుగుపల్లెకు చేరునా?

భాషాభివృద్ధికై ప్రజాధనమును వ్యయము చేయవలయునా, వలదా యను ప్రశ్న వచ్చినప్పుడెల్ల మన విద్వాంసులు రెండు పక్షములుగా చీలుదురు. భాష తల్లిపాలతో వచ్చునది, దానికి బొక్కసముతో పనియేమి యని యొక పక్షము. ప్రభుత్వము కోట్లు గుమ్మరింపనిదే భాష బ్రదుకదని రెండవ పక్షము. మొదటివారు పైసయైనను పెట్టవలదందురు. రెండవవారికి పెట్టినచాలును, అది యే చేతిలో బడెనో, ఎచ్చట నింకెనో వారు విచారింపరు. ఈ యుభయపక్షములవారును పట్టణములలోనే కూర్చుండి వాదించుచున్నందున గాబోలు, పల్లెటూరి మాట యిరువురకును స్ఫురింపలేదు. భాషకు ప్రజాధనము వలయును. కాని యది గ్రామస్థుల చేతికి, గ్రామస్థుల లెక్కకు లోబడి రావలయును. మా వాదమంతయు నింతియే. దీని నంగీకరింపని వారితో నిచ్చట కొంత తగవులాడ దలచినాము.

మేము పాములపాటి ప్రాంతమువారము. మా మండలమునందే బనకచెర్ల యున్నది. శ్రీశైల జలాశయపు నీరు పోతిరెడ్డిపాడు తలుపులగుండ వెలువడి, పెద్దకాలువగా వచ్చి, బనకచెర్లయొద్ద పాయలుగా చీలును. ఒక పాయ వెలుగోడు చెఱువున నిలిచి, తెలుగుగంగ యను పేరుతో కడకు చెన్నపట్టణమువారి దాహము తీర్చును. ఒకటి కుడిగట్టు కాలువయై గోరుకల్లు దిక్కునకు బోవును. మఱియొకటి పాత కర్నూలు–కడప కాలువకు తోడగును. ఇంత నీటిని కన్నులార చూచుచు నివసించువారము గనుక మాకొక సంగతి బాగుగా తెలియును. తలుపులకడ ఎన్ని వేల ఘనపుటడుగుల నీరు విడిచిరో పత్రికలలో చదివినంతమాత్రమున చివరిమడి తడియదు. పిల్లకాలువ పూడిపోయినచో, మడవ కట్టువాడు లేనిచో, పెద్దకాలువ నిండుగా పాఱుచున్నను ప్రక్కచేను ఎండును. తెలుగు పేరిట వ్యయమగు ధనమునకును సరిగా ఇదే గతి పట్టినది.

ఆ ధనమునకు తలుపులు తక్కువ గలవా? 1957లో సాహిత్య అకాడమీ వెలసెను. 1966లో అధికారభాషా శాసనము వచ్చెను. 1968లో తెలుగు అకాడమీ, 1974లో అధికారభాషాసంఘము, 1975లో హైదరాబాదున ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు. 1983లో అకాడమీలను రద్దుచేసిరి. 1985లో తెలుగునకే యొక విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. 2008లో ప్రాచీనభాషా గౌరవము లభించెను. 2012లో తిరుపతిలోను, 2017లో మరల హైదరాబాదులోను మహాసభలు జరిగెను. వీనిలో మేలుచేసినవి లేవని మేమనము. తెలుగు అకాడమీవారి పాఠ్యగ్రంథములు చదివి ఉద్యోగములు సంపాదించిన బీదవిద్యార్థులు మా యెఱుకలోనే అనేకులు గలరు. విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన నిఘంటువులు మా బల్లమీదనే యున్నవి. కాని యీ పట్టికను ముందుంచుకొని, వీనిలో ఏ యొక్కటి యైనను సాయంకాలము చేనినుండి తిరిగివచ్చిన కూలివాని చేతికి చదువదగిన పుస్తకము నందించినదా యని యడిగిన బదులు చెప్పువారు లేరు. మహాసభలలో శాలువలు కప్పిరి, ఊరేగింపులు జరిపిరి, తోరణములు కట్టిరి. తోరణములు వాడిపోయినవి. శాలువలు బీరువాలలో చేరినవి.

ఇంతకంటె విచారకరమైన సంగతి 2021లో బయటపడినది. హైదరాబాదులోని తెలుగు అకాడమీ పేర బ్యాంకులలో నిలువయున్న 64 కోట్ల రూపాయలకు పైబడిన సొమ్ము దొంగపత్రములతో కాజేయబడెను. పోలీసులు కేసు పెట్టిరి, కొందఱిని పట్టుకొనిరి. దొంగలను నిందించుట సులభము. మేమడుగునది వేఱు. భాషకొఱకని యేర్పడిన సంస్థయొద్ద అంత ధనము వడ్డీకై ఏండ్లతరబడి ఏల పడియుండెను? తెలుగుసీమలో చదువుటకు పుస్తకములేని పల్లెలు తీఱిపోయినవా?

ఇక ప్రథమపక్షమువారి వాదమును పరిశీలింతము. ఎనిమిదికోట్ల మంది మాటలాడు భాషకు భయమేమి యని వారందురు. 2011 జనాభా లెక్కలలో దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలని తేలినమాట నిజమే. అంతకుముందు 2001లో 7 కోట్ల 40 లక్షలుగా నుండి మూడవస్థానము నలంకరించిన తెలుగు, సంఖ్యలో పెరిగియు నాలుగవస్థానమునకు దిగినది. ఈ స్థానములను గూర్చి మాకు దుఃఖము లేదు. మరాఠీవారు ముందు నడచిన మనకు వచ్చు నష్టమేమి? మేము చూపదలచినది వేఱు. భాష చచ్చుట మాటలాడువారు తగ్గుటతో మొదలుకాదు. దాని పనులు ఒక్కొక్కటిగా దానినుండి జాఱిపోవుటతో మొదలగును. ఇంటిలో మాటలాడుదురు, సంతలో బేరమాడుదురు, తిట్టుకొందురు, పాడుకొందురు; కాని కాగితము ముందుకు వచ్చినంతనే నోరు మూయుదురు. మందుడబ్బీమీద వ్రాసినది చదువలేరు. బ్యాంకులో నింపవలసిన కాగితము నింపలేరు. అప్పుపత్రముమీద ఏమున్నదో తెలియకయే వ్రేలిముద్ర వేయుదురు. ఎనిమిదికోట్ల నోళ్లున్నను ఎనిమిదికోట్ల చేతులు లేవు.

మేము తరగతిలో ప్రతిసంవత్సరము నొక పరీక్ష పెట్టుచుందుము. ఇది ప్రభుత్వపు పరీక్ష గాదు. తొమ్మిదవతరగతి పిల్లవానిని పిలిచి, 'మీ నాయన పాసుపుస్తకములో విస్తీర్ణము తప్పుగా పడినదనుకొమ్ము, దానిని సవరింపుమని తహసీలుదారునకు అర్జీ వ్రాయుము' అందుము. ఆ బాలుడు ఆంగ్లములో వర్షాకాలమును గూర్చిన వ్యాసమును కన్నులు మూసికొని యొప్పజెప్పగలడు. దాని యర్థము మాత్రము మన మడుగరాదు. తెలుగులో అర్జీ యనగానే కలము కదలదు. ఎవరికి వ్రాయవలయును, తన పేరు ఎచ్చట పెట్టవలయును, భూమి సర్వేనంబరును ఏ వాక్యములో చేర్చవలయును, ఒకటియు తెలియదు. తండ్రి పదియేండ్లు బడికి పంపి చదివించిన కుమారుడు ఇంటనుండగా, ఆ తండ్రియే కచేరిముందు చెట్టుక్రింద కూర్చున్న లేఖరికి రూకలిచ్చి అర్జీ వ్రాయించుకొనుచున్నాడు. భాషకు ధనమేలయని ప్రశ్నించు పండితులు ఆ చెట్టుక్రింద ఒక్కపూట కూర్చుండి చూడవలయును. భాషకు పెట్టని ధనమును ఆ రైతు పూటపూటకు పెట్టుచునే యున్నాడు.

బోధనామాధ్యమమును గూర్చిన తగవులో మేమిప్పుడు దిగము. ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమే యుండవలయునని 2019 నవంబరులో ఉత్తరువు వచ్చినది. 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానమువారు దానిని కొట్టివేసిరి. ఆ కొన్నినెలలలో ఉభయపక్షములవారును వ్రాసినంత తెలుగు మన పత్రికలలో అంతకుముందు పదియేండ్లలో రాలేదేమో! అయినను ఆంగ్లమే కావలెనన్నవారు గాని, తెలుగే కావలెనన్నవారు గాని, బడి విడిచినపిదప ఆ బిడ్డ ఏమి చదువును, ఎచ్చట చదువును అని యొక్కమాట యడిగినట్లు మాకు కనబడలేదు.

అడిగియుండిన బదులు వారి కాళ్లయొద్దనే దొరకియుండును. ఈ దేశములో భాషకై గ్రామస్థుడు స్వయముగా చెల్లించుచున్న పన్ను ఒకటి కలదు. దాని పేరు గ్రంథాలయపు సెస్సు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము ననుసరించి పంచాయతీలును పురపాలకసంఘములును వసూలుచేయు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలచొప్పున ఈ సెస్సు చేరియుండును. వేయిరూపాయల ఇంటిపన్ను చెల్లించువాడు ఎనుబది రూపాయలు పుస్తకములకై చెల్లించుచున్నాడన్నమాట. తాను చెల్లించుచున్నట్లు వానికే తెలియదు. ఆ సొమ్మును పంచాయతీవారు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలయును. జమకట్టకుండ ఏండ్లతరబడి బకాయి పెట్టుట, ఆ సొమ్మును దీపములకో మురుగుకాలువలకో వాడుకొనుట, సంస్థలవారు తాఖీదులపై తాఖీదులు పంపుట, ఇదియంతయు తెలుగుదేశమున నెల్లరు నెఱిగిన వ్యవహారమే. మురుగుకాలువ అనవసరమని మేమనము. కాని మురుగుకాలువపేర వసూలుచేసిన ధనముతో పుస్తకములు కొన్నచో నూరంతయు నల్లరిచేయును గదా. పుస్తకముల పేర వసూలుచేసిన ధనముతో మురుగుకాలువ త్రవ్వించిన ఏల నొక్కరును నోరుమెదపరు?

ఈ సెస్సు ఆకాశమునుండి ఊడిపడలేదు. 1914 ఏప్రిలు 10వ తేదీని బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణముపోసిరి. మా కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, 1908లో రాజద్రోహనేరముపై కారాగారమున కేగి, విడుదలయైన పిదప ఏండ్లకొలది గ్రంథాలయములకును వయోజనవిద్యకును జీవితమును ధారపోసిరి. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణకాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూర పంచిరి. మా కర్నూలు–కడప కాలువయు నీటిపాఱుదలకేగాక నావలు నడుపుటకుగూడ నుద్దేశించి త్రవ్వబడినదే. దానిమీద పుస్తకములు మాత్రము ప్రయాణము చేయలేదు.

ఆ మహనీయులను పేర్కొని, 'చూడుడు, వారు ప్రభుత్వమును యాచించిరా? ధర్మచందాలతో చేసిరి, త్యాగముతో చేసిరి. మీరును అట్లే చేయుడు' అని మమ్ము గద్దించువారు కలరు. ఇది చరిత్రము తెలియని మాట. చందాలతో పెట్టిన గ్రంథాలయము చందాదారుని యుత్సాహముతో పుట్టి, వాని మరణముతో చచ్చుటను వారు కన్నులార చూచిరి. అందుచేతనే గ్రంథాలయోద్యమమువారు గ్రంథాలయములకు శాసనమును పన్నును కావలయునని కోరిరి. 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ శాసనము వచ్చుట ఎస్.ఆర్. రంగనాథన్‌గారి వంటివారి పట్టుదలయొక్క ఫలము. 1960 నాటి మన శాసనమునకు దారితీసినది అదియే. వారు దానము నడుగలేదు, హక్కును స్థాపించిరి. ఆ హక్కును మనము బకాయిలలో ముంచి, వారి త్యాగమును మాత్రము ఉపన్యాసములలో తలచుకొనుచున్నాము.

ఇచ్చట సంస్కృతమును గూర్చి రెండుమాటలు చెప్పక తీఱదు. మేము సంస్కృతము చదివి పొట్టపోసికొనువారమే గనుక మమ్ము సంస్కృతద్వేషులని యెవరును అనజాలరు. 2017 మొదలు మూడు సంవత్సరములలో కేంద్రప్రభుత్వము సంస్కృతమునకై 643 కోట్ల రూపాయలకు మించి వ్యయము చేసినట్లును, తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము, ఒడియా యను తక్కిన అయిదు ప్రాచీనభాషలకు కలిపి పెట్టినది 29 కోట్లేయనియు 2020లో పార్లమెంటునకు తెలిపిన లెక్కలవలన బయటపడినది. 2011 లెక్కలలో సంస్కృతము మాతృభాషయని వ్రాయించుకొన్నవారు 24,821 మంది. సంస్కృతమునకు ధనమిచ్చినందులకు మాకేడ్పు లేదు. అది కొందఱి మాతృభాష గాదు, అందఱి పూర్వులసొత్తు. కాని ఆ ధనము సంస్కృతమునకైనను చేరుచున్నదా? మన ఇంటర్మీడియేటు కళాశాలలను చూడుడు. మార్కులు పెక్కువచ్చునని తెలుగును విడిచి సంస్కృతము పుచ్చుకొనిన విద్యార్థులు వేలకొలది గలరు. వారిలో శబ్దమంజరి మొగమెఱుగనివారే పెక్కురు. సమాధానములను సంస్కృతములో వ్రాయవలసిన పనిగూడ అంతగా లేదు, తెలుగులోనో ఆంగ్లములోనో వ్రాసినను మార్కులు వచ్చును. దీనివలన తెలుగు పోయినది, సంస్కృతము రాలేదు. ఒక దేవతను గుడినుండి వెడలగొట్టి, రెండవదానిని ద్వారపాలకునిగా నిలిపినట్లున్నది!

పరదేశములలో ఈ సమస్యను ఎట్లు పరిష్కరించుకొనుచున్నారో కొంత చూతము. ఐర్లండు దేశముకథ మనకు మిక్కిలి యుపకరించును. ఆ దేశపు భాష ఐరిషు. ఆంగ్లేయుల యేలుబడిలో దానికి పట్టిన దుర్గతి మనభాషకంటె పదిరెట్లు ఘోరము. 1893లో డగ్లస్ హైడు మున్నగువారు గేలిక్ లీగను సంఘమును స్థాపించి, ఊరూర తిరుగు ఉపాధ్యాయులను నియమించి, రైతులకును కూలీలకును తమభాషను చదువను వ్రాయను నేర్పించిరి. ఈ హైడు ప్రొటెస్టెంటు మతాచార్యుని కుమారుడు. దేశమున నధికసంఖ్యాకులు కాథలికులు. భాషకు మతముతో పనిలేదని చూపిన ఆ మనుజుడే 1938లో ఐర్లండునకు ప్రథమాధ్యక్షుడయ్యెను. 1922లో స్వతంత్రరాజ్య మేర్పడగా, భాషాభిమానులు ఇక చింతలేదని నిట్టూర్చిరి. బడులలో ఐరిషును నిర్బంధవిషయముగా చేసిరి. 1937 నాటి రాజ్యాంగములో దానిని ప్రథమాధికారభాషగా వ్రాసికొనిరి.

నూఱేండ్ల పిదప ఫలమెట్లున్నది? 2022 జనాభా లెక్కలలో తమకు ఐరిషు వచ్చునని చెప్పుకొన్నవారు సుమారు 18 లక్షల 74 వేలమంది. బడికి వెలుపల దినదినము దానిని మాటలాడువారు 71,968 మంది మాత్రమే. బడిలో నేర్పుట వేఱు, ఊరిలో వాడుట వేఱని ఈ రెండు సంఖ్యలకంటె స్పష్టముగా చెప్పగలవా రెవరు? ఈ పాఠమును ఐర్లండువారు ఆలస్యముగానైనను నేర్చుకొనిరి. 1998 నాటి శాంతి యొడంబడిక ననుసరించి ఐర్లండు ద్వీపపు రెండుభాగములకును చెందునట్లుగా 1999లో ఫోరస్ న గేల్గె యను భాషాసంస్థ ఏర్పడినది. రెండుప్రభుత్వములును దానికి ధనమిచ్చును. అది ఆ ధనములో కొంత ఊరిసంఘములకు పంచిపెట్టును. ఆ సంఘములు జీతముపై భాషాకార్యకర్తను నియమించుకొని తరగతులు, పిల్లల ఆటలు, సంగీతము, నాటకములు నడుపును. ఐరిషు మాటలాడు పల్లెసీమలకై 2012లో వేఱుగ నొక శాసనము చేసిరి. దాని ప్రకారము 26 భాషాప్రాంతము లేర్పడినవి. ఏడేండ్లలో తాము భాషకై ఏమి చేయదలచితిమో ఆ ప్రాంతములోని జనులే ప్రణాళిక వ్రాసికొనవలయును; ప్రభుత్వము దానిని పరిశీలించి ధనమియ్యవలయును. ప్రణాళిక పల్లెది, ధనము బొక్కసముది, లెక్క యిరువురిది.

ఇంతమాత్రమున ఐరిషుభాష యుద్ధరింపబడినదని మేము చెప్పబోము. ఆ పల్లెసీమలలో భాష యింకను తగ్గుచునే యున్నది. నూఱేండ్ల యుపేక్షను కొన్నియేండ్ల ధనము తీర్చజాలదు. అయినను అచ్చటిజనులు ఆ కొద్దిధనమును ఎంత ప్రియముగా చూచుకొందురో తెలియుటకు ఒక యుదాహరణము చాలును. బీదకుటుంబముల యువకులు ఐరిషు పల్లెలకు పోయి భాష నేర్చుకొనుటకై ఉత్తరఐర్లండు ప్రభుత్వము 50,000 పౌనుల సహాయవేతనము నిచ్చుచుండెను. 2016 డిసెంబరులో ఒక మంత్రి దానిని నిలిపివేసెను. ఊరెల్ల అట్టుడికినట్లుడికినది. మఱునెలలోనే ఆ ధనమును తిరిగి యిచ్చితిమని ప్రకటించిరి గాని, అప్పటికే 2017 జనవరి 9న ఉపప్రథమమంత్రి మార్టిన్ మెగిన్నెసు రాజీనామా చేసియుండెను, మంత్రివర్గము కూలెను, మూడేండ్లవఱకు శాసనసభ సరిగా నడువలేదు. ఆ పతనమునకు ముఖ్యకారణము వేఱొక ధనదుర్వ్యయపు రచ్చయేయైనను, ఈ 50,000 పౌనులును అగ్నిలో నాజ్యమై పడినవి. మనయొద్ద పంచాయతీలు ఏండ్లతరబడి గ్రంథాలయపు సెస్సును మ్రింగుచున్నను ఒక సర్పంచియైన పదవి పోగొట్టుకొన్నట్లు మేము వినలేదు.

మఱియొక యాక్షేపమున్నది; దానిని మేము తేలికగా త్రోసివేయజాలము. ధనము పల్లెకు వచ్చిన పల్లెలోని పెద్దకుటుంబమువారి యింటికే చేరును. భాషాసంఘమునకు అధ్యక్షుడు సర్పంచి బావమఱదియే యగును. పుస్తకములకు మారుగా ఫ్లెక్సీలు వెలయును అని బుద్ధిమంతులు కొందఱు భయపడుదురు. ఈ సీమలో పుట్టినవారము గనుక ఆ భయము మాకును గలదు. రాయలసీమ పల్లెలో ధనమును అధికారమును ఎట్లు జంటగా నడచునో మాకు నేర్పవలసిన పనిలేదు. కాని రాజధానిలో దుర్వినియోగము కాని ధనము పల్లెలోనే దుర్వినియోగమగునను సిద్ధాంతమును 2021 నాటి డిపాజిట్ల కథ చదివినవా రెవ్వరును నమ్మజాలరు. తేడా యొక్కటియే. రాజధానిలోని దొంగతనము పత్రికలో పడినపిదప మనకు తెలియును. ఊరిలోనిది చెట్టుక్రింద కూర్చున్నవారికి ఆ సాయంకాలమే తెలియును. కావున ధనమును ఇయ్యకుండుట కాదు, నియమములతో నిచ్చుట మందు. సంఘములో సగము స్త్రీలుండవలయును. బడికి పోయి చదువు నేర్వని కులములవారికి స్థానముండవలయును. ఏ పుస్తకము ఏ ధరకు కొన్నారో చావడిగోడమీద వ్రాయవలయును. ఎందఱు చదువరులు వచ్చిరో నెలనెలకు లెక్క చూపవలయును. రెండేండ్లు లెక్క చూపనిచో ధనము నిలిచిపోవలయును. సన్మానములకును, శాలువలకును, భోజనములకును ఒక్క రూపాయియైనను ఈ నిధినుండి తీయగూడదు. ఈ కడపటి నియమ మొక్కటి పెట్టినచో, చేరదగనివారు సగముమంది తమంతట తామే దూరమగుదురు.

పాములపాటివంటి యూరిలో ఆ ధనముతో ఏమి చేయుదురని యడుగువారికి బదులు చెప్పెదము. సాయంకాలము ఆరింటినుండి తొమ్మిదింటివఱకు తెఱచియుండు పఠనమందిరము మొదటిది. ఇప్పటి గ్రంథాలయములు పలుచోట్ల కూలివాడు చేనిలోనుండు వేళ తెఱచి, వాడు తిరిగివచ్చు వేళకు మూయబడుచున్నవి. ఉద్యోగి సమయమును ఊరి సమయమునకు సరిపెట్టుటకు కొంత జీతము పెంచిన పెంచవలయును. రెండవది అర్జీబడి. అర్జీ, రసీదు, ఒప్పందపత్రము, రుణపత్రము చదువను వ్రాయను నేర్పు తరగతి. దీనికి ఛందస్సు అక్కఱలేదు, వ్యాకరణము కొంచెమే చాలును. తప్పులు దిద్దు ఓర్పు వలయును. గ్రాంథికమున వ్రాయుచున్న మేమే చెప్పుచున్నాము, ఆ తరగతిలో ఊరివాడు మాటలాడు తెలుగే వ్రాయుటకు నేర్పవలయును. వాడు వ్రాసినది తహసీలుదారునకు తెలిసినచాలును, చిన్నయసూరికి మెచ్చుగా నుండనక్కఱలేదు.

మూడవది మాటల సేకరణము. ఈ సీమకు రాయలసీమ యను పేరు 1928లో నంద్యాలలో జరిగిన మహాసభలోనే పెట్టబడెను. పేరు ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావుగారు భాషాశాస్త్రవేత్త. పేరు మిగిలినది, ఇచ్చటి మాటలు పోవుచున్నవి. కాలువనీటికి, నేలల రకములకు, పశువుల రోగములకు, జొన్నచేని దశలకు ఈ యూళ్లలో ఉన్న పదములు ముసలివారితో కాటికి బోవుచున్నవి. నల్లమల చెంచుగూడెములలోని తెలుగు వేఱొక సొగసు గలది. దానిని వ్రాసికొనినవారు కొందఱే. చెక్కభజన పాడువారు, తోలుబొమ్మలాడించువారు పనిలేక పట్టణములకు కూలికి పోవుచున్నారు. బడిపిల్లలచేత వారివారి తాతలయొద్ద మాటలు వ్రాయించిన, పిల్లవానికి వ్రాత వచ్చును, తాతకు గౌరవము వచ్చును, భాషకు పదములు దక్కును. దీనికి కావలసినది కొన్ని నోటుపుస్తకములు, ఒక యువకునికి నెలజీతము.

తెలుగు తెలుగని మేము కేకలు వేయుచుండగా, ఈ సీమలో ఉర్దూ మాటలాడు ఇండ్లు లెక్కకు మిక్కిలిగా నున్నవని ఒకరు గుర్తుచేయవచ్చును. 2022లో రాష్ట్రమున ఉర్దూను రెండవ అధికారభాషగా శాసించియున్నారు. సెస్సు వారును చెల్లించుచున్నారు. పఠనమందిరములో వారి పత్రికకును, వారి పిల్లలు చదువు కథలకును బల్లమీద చోటుండవలసినదే. తనభాషను ప్రేమించుటకు పొరుగువాని భాషను ద్వేషింపవలయునను వారికి ఈ ధనములో ఒక దమ్మిడీయు పోరాదు.

ఇక ముందుగా చేయవలసినది చిన్నపనియే. దానికి కొత్త శాసనము వలదు, కొత్త అకాడమీ వలదు. గ్రామసభ కూడినపుడు పాములపాటివారు గాని, ఆత్మకూరివారు గాని, వెలుగోటివారు గాని లేచి పంచాయతీ కార్యదర్శిని అడుగవలసిన ప్రశ్నలు మూడు: గడచిన అయిదేండ్లలో మా యింటిపన్నుతో గ్రంథాలయపు సెస్సు ఎంత వసూలైనది? దానిలో జిల్లాసంస్థకు ఎంత జమకట్టిరి? మిగిలినది ఏ పద్దున ఖర్చుపెట్టిరి? లెక్క చెప్పలేదా, సమాచారహక్కు శాసనము 2005 నుండి యమలులో నున్నది; దరఖాస్తుతో అడుగవచ్చును. ఆ దరఖాస్తును తెలుగులోనే వ్రాయవచ్చును. మా తొమ్మిదవతరగతి పిల్లలకు ఈ సంవత్సరము అర్జీ వ్రాత పరీక్షలో ఇదే విషయమిచ్చుటకు నిశ్చయించుకొన్నాము.